బూడిద జూసి కట్టె కొన్న కాలం

అరె ఆగు బిడ్డా, ఆ చెక్క మంటల వెయ్యకు. అటు గోడకు పెట్టు. సలి ఉన్నదని దొరికిందల్లా మంటల పడేస్తమా? గది ప్లైవుడ్డు. పొరపొరకు నడుమ జిగురున్నది, మీద మెరిసేది సన్‌మైకా. రంపం పట్టినప్పుడే ముక్కుకు ఘాటు కొడతది, ఇగ కాలితె ఏం చెప్పాలె. ఇటు ఈ చింతమొద్దు జరుపు. పోయిన ఎండకాలంలనే చీల్పించి పెట్టిన. సూడు, పొగ లేదు, చిటపట లేదు, నిమ్మళంగ కాలుతున్నది.

మంట ముంగట కూసున్నరు గనుక పాత ముచ్చట ఒకటి చెప్త. మా నాయిన లాలాగూడ వర్క్‌షాపుల ఫిట్టరు. ఆ వర్క్‌షాపు 1893 నాటిది, నిజాం రైల్వే పెట్టింది. మాకు మెట్టుగూడల కోటరు ఇచ్చిండ్రు. రెండు అర్రలు, ఎనక ఇంత వంటిల్లు, దాని పక్కపొంటి తానాలకాడ రాగి బాయిలర్. అంటే ఇంట్ల రెండు మంటలు. పొయ్యి మంట అమ్మది. బాయిలర్ మంట ఎవరికి తీరితె వాళ్లది, పిల్లలం కూడ ఏదో ఒకటి తోసేటోళ్లం. ఈ రెండు మంటల సంగతి జర యాదుంచుకోండ్రి, ముంగట పనికొస్తది. కట్టె కొనే పెత్తనం మాత్రం మా నాయినమ్మది. ఆమెది నర్సాపూర్ అడవి దిక్కు ఊరు. లష్కర్‌కు, అంటె సికింద్రాబాద్‌కు, వచ్చి ఎన్నేండ్లయినా చెట్టు పేరు, కట్టె గుణం ఆమె నోట్లెనే ఉండేది.

కట్టె బండ్లు ఇంటి ముంగటికే వచ్చేటివి. వానకాలంల బండి రాకుంటె కట్టెల అడ్డకు పోవాలె. అక్కడ మనిషి ఎత్తుల కాంట వేలాడేది, మణుగుల లెక్కన తూచేటోళ్లు. మా నాయిన వెంట వస్తె కాంట ముల్లు దిక్కే చూసేటోడు. నాయినమ్మ కాంట దిక్కు చూసేదే కాదు. రెండు చెక్కలు తీసి ఒకదానికొకటి కొట్టేది. ఎండిన కట్టె ఖణ్‌మంటది, పచ్చిది దబ్‌మంటది. తర్వాత కొనలు చూసేది. మంచిగ ఎండితె నడిమిట్ల నుంచి చుట్టూతా పగుళ్లు పోయి ఉంటయి, బెరడు గోరుతోని గీకితె లేస్తది. అప్పటికీ అనుమానం తీరకుంటె చీల్చిన దిక్కు చెంపకు ఆనిచ్చుకునేది. లోపట తడి ఉంటె సల్లగ తగుల్తది కదా. అడ్డ మీద మొగోళ్లు నవ్వేటోళ్లు, నవ్వితె నవ్వనీ అనేది.

అప్పుడే కొట్టిన చెట్టుల సగం బరువు దాక నీళ్లే ఉంటయి. మణుగు కొంటె అర్ధమణుగు నీళ్లకు పైసలు కట్టినట్టు. పైసలు పోతె పోయినయి, ఆ నీళ్లు ఆవిరయ్యేదాక మంట వేడంత దానికే ఖర్చయితది. పొయ్యి వేడెక్కదు, కట్టె సక్కగ మండక పొగ లేస్తది, కట్టె కొనల నుంచి బుసబుస నురగ కారుతది. ఆ పొగల తారు ఉంటది. గోడలకు, కప్పుకు, వంటామె ఛాతీకి పట్టేది అదే. గందుకే మా ఇంట్ల ఉగాది దాటంగనే కట్టె కొనుడు. ఎండల చీల్పించి, మిరుగు కార్తె లోపట గోడపొంటి పేర్చుడు, కింద రాళ్లు పెట్టి నేల తగలకుంట. నేల తగిలిందా, ఒకదిక్కు చెద, ఒకదిక్కు తేళ్లు.

ఇగ అసలు ముచ్చట. కొత్త బండాయన ఎవరన్న వస్తె నాయినమ్మ బండి దించనిచ్చేది కాదు. నాలుగు చెక్కలు తీసుకొని, వాటి పైసలిచ్చి, "రేపు పొద్దుగాల రా నాయినా" అని పంపేది. రాత్రి వంట ఆ చెక్కలతోనే. తెల్లారి పొయ్యిల బూడిద చాటల పోసి, వేళ్ల నడుమ రుద్ది, వాసన చూసేది. తెల్లగ, పిండోలె మెత్తగ ఉంటె బండి దిగేది. జిగటగ ఉన్నా, వేరే రంగు తేలినా, పాడు వాసనున్నా ఆ బండి తిరిగి పోవుడే. బండాయన లొల్లి పెట్టేటోడు. "అమ్మా, కట్టె కొంటున్నవా బూడిద కొంటున్నవా?" అని. "రెండూ" అనేది ఆమె.

మీకు నవ్వొస్తది గని, ఆ బూడిద ఎటు పోయేదో చూడండ్రి. గిన్నెలు తోముడు దానితోనే, కొబ్బరి పీచు, చింతపండు తొక్క కలిపి. ఆ గిన్నెలల్లనే అన్నం. కందులు, పెసర్లు దాస్తె పురుగు పట్టకుంట బూడిద కలిపేటోళ్లం. ఎనక దొడ్లె బీరపాదుకు పేను పడితె పొద్దుగాల మంచు తడి ఆరకముందే ఆకుల మీద చల్లేటోళ్లం. మా నాయిన పొయ్యిల బొగ్గు నూరి ఉప్పు కలిపి పండ్లు తోముకునేటోడు. పొయ్యిల ఏది పెడితె అది మల్ల మన నోటికే వచ్చేది. పొగకు కండ్లు మండుతయి, తెలుస్తది, లేచి బయటికి పోతం. బూడిద మాత్రం సప్పుడు లేకుంట ఇంట్లనే ఉంటది. కట్టె మంచిదా కాదా అని ఇయ్యాల్రేపు ఎవలన్న అడిగితె అందరు పొగ ముచ్చటే చెప్తరు. పొగ నిజమే. ఇంట్ల పొగతోని 2020ల ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది పోయిండ్రని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. చిన్న ముచ్చట కాదు. అయినా బూడిద అడిగినోళ్లను మా నాయినమ్మ తర్వాత నేను చూడలే.

ఏ కట్టె మంచిదంటె, చింత ముందు. గట్టిది, చీల్చేటప్పుడు గొడ్డలికి ఏడుపు తెప్పిస్తది గని, నిప్పు నిలుస్తది. నల్ల తుమ్మ దాని తర్వాత. బొగ్గు కూడ మంచిగ పడుతది, కమ్మరోళ్లు ఏరి తీస్కపోయేటోళ్లు. సర్కారు తుమ్మ అంటె మీకు రోడ్ల పొంటి ముండ్ల పొదలే తెలుసు. అది మన చెట్టు కాదు. దాన్ని 1877ల కడప జిల్లా కమలాపురం దిక్కు తెచ్చి నాటిండ్రు, వంట చెరుకు కోసమే. ఇప్పుడు చెరువులల్ల, బీడ్లల్ల అదే. తిట్టుకుంటం గని, ఎండితె దాని మంట చింతకు తీసిపోదు. మోదుగ అయితె వట్టి తేలిక, ఇట్ల అంటుకొని అట్ల ఆరిపోతది. పొద్దుగాల పొయ్యి రాజేయనీకె రెండు పుల్లలుంటె చాలు.

తునికి కట్టెను ఆమె పిల్లలున్న పొయ్యిల పెట్టనిచ్చేది కాదు. బీడీ ఆకు చెట్టు అది. కాలేటప్పుడు పటపట పగిలి నిప్పురవ్వలు ఎగురుతయి. మా అక్క లంగకు అంచుపొంటి చిన్నచిన్న బొక్కలు పడ్డయి, గవన్నీ తునికి రవ్వలే. వేప కట్టె మీద వంట చేసేది కాదు, పొగ చేదు తగుల్తదని. వేపాకు మాత్రం మాపటీలి దోమలకు పొగ వేసేది. దోమల ముచ్చట వచ్చింది గనుక చెప్త, దోమ కడుపుల మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ దొర చూసింది మన బేగంపేటలనే, 1897 ఆగస్టు 20 నాడు. నాయినమ్మకు రాస్ దొర తెల్వదు, దోమ తెలుసు.

ఇగ పొయ్యి మొకమే చూడొద్దన్న చెట్లున్నయి. గన్నేరు, పచ్చ గన్నేరు. ఆకు విషం, పువ్వు విషం, కట్టె విషం, పొగ కూడ విషమే. అందంగ ఉంటదని ఇప్పుడు రోడ్ల నడుమ వరుసగ పెడుతున్నరు, కత్తిరించిన కొమ్మలు చలిమంటలకు ఎవలన్న ఎత్తుకపోతరేమోనని నాకు భయం. జెముడు, జిల్లేడు పాలు కారేటివి, వాటి జోలికి పోనిచ్చేది కాదు. అన్నిటికన్న నల్లజీడి. చాకలోళ్లు బట్టల మీద గుర్తు పెట్టేటోళ్లు కదా, ఎన్ని ఉతుకులకూ పోని నల్ల చుక్క, ఆ జీడిగింజ చెట్టు. దాని సొన తగిలితె ఒళ్లు బొబ్బలెక్కుతది, పొగ తగిలినా మొకం ఉబ్బుతది. అమెరికల పాయిజన్ ఐవీ అని ఒక తీగ ఉన్నదట, దాన్ని కాలిస్తె పొగ ఊపిరితిత్తులకు పోయి ప్రాణం మీదికి వస్తదట. అదీ ఇదీ ఒక్క కుటుంబమే. ఆ కుటుంబంల మామిడి కూడ ఉన్నది. మామిడికాయ సొన కొందరికి మూతి పొక్కిస్తది చూడు, గందుకే. కట్టె మాత్రం ఎండినంక హోమానికే పనికొస్తది.

గోదావరి కడలి దిక్కు, కోరింగ మడ అడవులల్ల తిల్ల అని ఒక చెట్టున్నది. దాని పాలు కంట్లె పడితె చూపు పోతది. మా నాయిన దోస్తు ఒకాయన కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిండు, ఆయన చెప్పేటోడు, మా దిక్కు ఆ కట్టె పొగకే కండ్లు మండిపోతయి అని. నాయినమ్మ మొత్తం విని, "మా నల్లజీడికి అక్క లెక్క ఉన్నది" అన్నది.

ఒకసారి నేను నిలదీసిన. మొన్న అయ్యగారు నవగ్రహ హోమంల సూర్యునికి జిల్లేడు సమిధ వేసిండు, చంద్రునికి మోదుగ, శనికి జమ్మి వేసిండు, మరి జిల్లేడు నువ్వొద్దంటవేంది అని. ఆమె ఏమన్నదంటె, "అయ్యగారు వేలంత పుల్ల నెయ్యిల ముంచి వేస్తడు, తర్వాత తానం చేసి ఇంటికి పోతడు. ఆయన ఆ హోమగుండం మీద పప్పు వండుతున్నడా?" అని. ఇగ నేనేం మాట్లాడ్త.

కట్టె కరువైతె పొట్టు పొయ్యి ఉండేది. మీరు చూసి ఉండరు. పాత డబ్బాకు కింద పక్కకు బొక్క కొట్టి, నడుమ ఒక సీసా నిలబెట్టి, బొక్కల నుంచి ఇంకో సీసా అడ్డం తోసి, చుట్టూ రంపపు పొట్టు పోసి రోకలిబండతోని దట్టంగ దంచుడు. తర్వాత రెండు సీసాలు మెల్లగ తిప్పుకుంట తీసెయ్యాలె. నడుమ గొట్టం లెక్క సందు నిలుస్తది. సీసా తీసేటప్పుడు చెయ్యి వణికిందా, మొత్తం కూలి మల్ల మొదటికి. కింద నుంచి నిప్పు పెడితె వంటంత అయ్యేదాక మల్ల ముట్టుకునేది లేదు. కోత మిషన్‌ల టేకు పొట్టయితె రంది లేదు. ఇప్పటి మిషన్లల్ల ప్లైవుడ్డు పొట్టు, ఎండీఎఫ్ పొట్టు కలిసి వస్తది, అది మాత్రం ఎవలు తెచ్చినా పారబోయిండ్రి.

ఇగ స్లీపర్ల కథ. రైలు పట్టాల కింద అప్పుడు కట్టె స్లీపర్లుండె. టేకు, గుగ్గిలం కట్టె అయితె ఊరికెనే వేసేటోళ్లు. మెత్త జాతి కట్టెకు మాత్రం క్రియోజోట్ పట్టించేది. బొగ్గుతారు నుంచి తీసిన నూనె అది. పెద్ద ఇనుప పీపల స్లీపర్లు పెట్టి, ఒత్తిడి మీద కట్టె లోపటికి ఎక్కిస్తరు. చెద ముట్టదు, వాన కుళ్లగొట్టదు. పాతబడ్డ స్లీపర్లు వేలం పాటల పోయేటివి, మంది కొనుక్కొని కొట్టాలకు గుంజలు పెట్టుకునేటోళ్లు. గుంజలైతె కాల్చేది కాదు.

మా కోటర్ల వరుసల ఒకామె ఉండె, పేరెందుకులే. వానలు విడవని ఏడు. కట్టె బండి రాలే. ఎవలో తెలిసినోడు స్లీపర్ ముక్కలు చవుకకు ఇప్పించిండు. నల్లగ, బరువుగ, ఎండకు పెడితె నూనె చుక్కలు తేలేటివి. ముందు బాయిలర్‌ల పెట్టింది. మంట చూడాలె మీరు, గాసునూనె పోసినట్టు భగ్గున లేచి, గొట్టం నుంచి నల్లటి పొగ. మా గల్లీల దండేల మీద ఆరేసిన బట్టల మీద నల్ల నుసి. ముట్టుకుంటె జిడ్డు. పిల్లలందరికి కండ్లు మంట, గొంతుల గరగర. పోయి అడిగితె ఆమె, "తానాల నీళ్లకే కదా, వంటకు పెడుతున్ననా?" అన్నది. వినడానికి సబబుగనే ఉన్నది. మా అమ్మ కూడ అవునన్నట్టే తలకాయ ఊపింది.

నాయినమ్మ ఊకోలే. సక్కగ ఆమె దొడ్లెకు పోయింది. బాయిలర్ బూడిద, పొయ్యి బూడిద రెండూ ఒక్క తొట్టిలనే పోస్తున్నరు. ఆ తొట్టి బూడిదతోనే ఆ ఇంటి కోడలు గిన్నెలు తోముతున్నది. నాయినమ్మ ఒక గిన్నె తీసి మూతి అత్త ముక్కు కాడ పెట్టింది. రైలు టేషన్ల ఎండకాలం పట్టాల కాడ వాసన. "ఇది తానాల మంటనా, తిండి మంటనా?" అని ఒకటే మాట. ఆ ముక్కలు అదే పొద్దు బాయిలర్ కాడికెల్లి ఎత్తి గోడ పక్కకు వేసిండ్రు, తర్వాత కోళ్లగూడుకు అడుగు బండలైనయి. క్రియోజోట్‌ల క్యాన్సర్ తెచ్చే రసాయనాలున్నయని మీ నాయిన చదువుకొని చెప్పంగనే నాకు ఆ గిన్నె యాదికొచ్చింది. మీ నాయినకు అప్పటిదాక ఈ కథ చెప్పలేదు.

క్రియోజోట్ అయితె నల్లగుంటది, వాసన పట్టిస్తది. వాసన లేని మందు ఒకటున్నది, అదే ఎక్కువ మోసం. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థల సొంటి కామేశం అనే శాస్త్రవేత్త 1933ల కనిపెట్టిండు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు, ఆస్కు అని పేరు. కట్టెల అది పక్కాగ అంటుకపోయి వానకు కూడ జల్ది కడుక్కపోదు, చెద రాదు. దేశదేశాలు వాడినయి, కరెంటు స్తంభాలకు, కంచెలకు, ఇండ్లకు. మంచి బుర్ర, ఎంత అడవిని కొట్టకుంట మిగిలిచ్చిందో. కాని కట్టె కాలిపోయినా ఆర్సెనిక్ కాలిపోదు. కొంత పొగల పోతది, మిగిలింది బూడిదల నిలుస్తది. అమెరికల ఇండ్ల పనులకు ఆ మందు కట్టె అమ్ముడు 2003 చివరకు ఆపిండ్రు. పాత స్తంభం ముక్క, తోట కంచె కట్టె జర పచ్చ ఛాయ కొడుతున్నదా, ముట్టించకు. ఛాయ వెలిసిపోయినా ముట్టించకు. నాయినమ్మ లెక్క బూడిద రుద్ది చూస్తె కూడ ఇది దొరకదు, అది చెప్పాలె. ఆమె పరీక్షకు అందని కట్టె వచ్చింది లోకంలకు.

కట్టె ఎంత మంచిదైనా పొగ పోయే తొవ్వ లేకుంటె ఏం లాభం అంటరా? మన హైదరాబాద్‌లనే ఇంజనీరింగ్ పరిశోధన లాబొరేటరీల ఎస్.పి. రాజు గారని ఉండె. పొగ లేని మట్టి పొయ్యి తయారు చేసిండు, 1953ల దాని మీద పుస్తకం కూడ రాసిండు. ఒక్క మంట మీద మూడు గిన్నెలు పట్టేది, చివర పొగగొట్టం. ఆ లాబొరేటరీ పేరు మీదనే దేశమంత హెర్ల్ చుల్హా అన్నరు. మా గల్లీల ఒకరు కట్టిచ్చుకున్నరు. గొట్టం ఊడ్చుడు మరిచిపోయిండ్రు, మసి పేరుకొని పొగ ఎనకకు తన్నింది, ఇగ పొయ్యే పనికిరాదన్నరు. పాపం ఆ పొయ్యి ఏం చేసింది?

బొగ్గుల కుంపటి ముచ్చట ఒక్కటి చెప్పి ఊకుంట. మా పక్క కోటర్ల ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉండె, క్రిస్మస్‌కు కేకు పెనం మీద పెట్టి మూత మీద కూడ నిప్పులు పోసేది. ఆమె ఒక్కటే మాట చెప్పేది, నిప్పులున్న అర్ర తలుపు పెట్టి పండుకోవద్దు అని. బొగ్గు పొగ కనబడదు, వాసన రాదు, నిద్రల పానం తీస్తది. సలికాలం ఇసుంటి వార్త పేపర్ల ఇప్పటికీ వస్తనే ఉన్నది. ఏ కట్టె బొగ్గయినా అంతే, అండ్ల మంచి చెడ్డ లేదు.

ఇప్పుడు మారేడుపల్లిల పాత బంగ్లాలు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నరు కదా. పచ్చ రంగు తలుపులు, రెక్కల కిటికీలు కుప్పలు పోస్తున్నరు. టేకు మంచిదే, మీద రంగు మంచిది కాదు. పాత రంగులల్ల సీసం మస్తుగ ఉండె. 2017 నవంబరు నుంచి ఇంటి రంగులల్ల సీసం 90 పీపీఎం దాటొద్దని కేంద్రం నియమం తెచ్చింది, అంటె అంతకు ముందటి రంగు మీద నమ్మకం పెట్టుకోవద్దు. భోగి నాడు పాత సామాన్లు మంటల వేస్తరు, దానిమీద నీళ్లు కాచి పిల్లలకు తానాలు పోస్తరు. వెయ్యండ్రి, రంగు లేని చెక్క వెయ్యండ్రి.

బాలానగర్ దిక్కు కంపెనీలల్ల సామాన్ల కింద పెట్టే చెక్క చట్రాలు, ప్యాలెట్లు అంటరు, వాటిని కూడ మంది మంటకు తెచ్చుకుంటున్నరు. వాటి మీద గోధుమ కంకి బొమ్మతోని ఒక ముద్ర ఉంటది. ముద్రల హెచ్‌టీ అని ఉంటె వేడితోని పురుగు చంపినట్టు, ఎంబీ అని ఉంటె మిథైల్ బ్రోమైడ్ అనే విషపు గ్యాసు పట్టించినట్టు. ఎంబీ అయితె ముట్టుకోవద్దు. హెచ్‌టీ అయినా దాని మీద ఏ డ్రమ్ము ఒలికిందో ఎవలకు తెలుసు? మరక ఉంటె వదిలెయ్యాలె.

మీ అక్క ఇంగ్లండుల ఇల్లు కొన్నది, హాలుల కట్టె పొయ్యి ఉన్నదట. మొన్న ఫోన్ చేసి, "అమ్మమ్మా, ఇక్కడ తడి కట్టె అమ్మనియ్యరు, నీళ్లు నూటికి 20 దాటొద్దంట, కొలిచే మిషన్ కూడ కొన్న" అని చూపెట్టింది. 2021 మే నుంచి అక్కడ చిన్న మూటలల్ల తడి కట్టె అమ్ముడు బందు చేసిండ్రట. నేనన్న, రెండు చెక్కలు కొట్టి సప్పుడు వినిపియ్యి అని. ఫోన్ల వినిపిచ్చింది. ఖణ్‌మన్నది. మిషన్ల ఎంత వచ్చింది అంటె 16 అన్నది. "బూడిద ఏం చేస్తవ్?" అని అడిగిన. గులాబీ చెట్లకు వేస్తదట. మంచిదే, రంగు చెక్క మాత్రం కలపకు బిడ్డా అన్న.

ఇగ బోనాల పంచాయితీ ఒకటి మా ఇంట్ల ఏటా ఉంటది. మన ఉజ్జయిని మహంకాళి అమ్మవారిని 1815ల సురిటి అప్పయ్య నిలబెట్టిన కథ మీకు తెలుసు కదా, పల్టన్ల డోలీ మోసేటాయన, ఉజ్జయినిల ఉన్నప్పుడు, గత్తర తగ్గితె మన ఊర్ల గుడి కడతనని మొక్కుకున్నడు. మొదలు పెట్టింది కట్టె విగ్రహమే, రాతి విగ్రహం తర్వాత వచ్చింది. గందుకని మా ఆడబిడ్డ అంటది, బోనం కట్టె పొయ్యి మీదనే వండాలె, అది కూడ చింత కట్టెనే కావాలె అని. నా కోడలు గ్యాసు మీద వండుత అంటది. నేను కోడలు దిక్కే. అపార్ట్‌మెంట్ బాల్కనీల పొయ్యి పెట్టి నాలుగు అంతస్తులకు పొగ పంపుడు ఎందుకు? ఆడబిడ్డ ఊకుంటదా, పోయిన ఆషాఢంల బోయిగూడ పోయి చింత కట్టె మోపు మోసుకొచ్చింది. కొట్టి చూసిన, దబ్‌మన్నది. పైసలు వాపసు ఇయ్యనన్నడట వాడు. ఆ మోపే ఇప్పుడు గోడ పొంటి ఎండుతున్నది, వచ్చే ఆషాఢం దాక ఆమెకు పనికొస్తది గావచ్చు.